మావయ్యగారి వెండి రంగు

నా పని సెల్ఫ్ మోటార్లు, డైనమోలు బాగుచేయడం. రాజమండ్రిలో నాకు చిన్న షాపు ఉండేది. షాపు ముందు ఆగిన బండి తాళం ఒక్కసారి తిప్పితే చాలు, ఆ చప్పుడు విని జబ్బేమిటో చెప్పేసేవాణ్ణి. పదిసార్లలో ఎనిమిదిసార్లు నేను చెప్పింది నిజమయ్యేది. తక్కిన రెండుసార్ల సంగతి ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. ఇప్పుడు రాస్తున్నది ఆ రెండింటిలో ఒకటి.

మా మావయ్యగారు లాంచీ సరంగు. ముప్పై ఏళ్లకు పైగా రాజమండ్రి రేవు నుంచి ఎగువ ఊళ్లకు ప్రయాణికుల లాంచీ నడిపారు. రోడ్లు పడ్డాయి, బస్సులు పెరిగాయి, లాంచీ ఎక్కేవాళ్లు తగ్గిపోయారు. చివరికి లాంచీని ఒడ్డుకు లాగి వదిలేశారు. దాంతోపాటు ఆయన కూడా ధవళేశ్వరంలో ఇంటి అరుగు ఎక్కేశారు. మనిషి ఖాళీగా ఉన్నా చేతులు ఊరుకునేవి కావు. రిక్షా ఎక్కితే "కొంచెం ఎడమకి పోనీ" అంటూ దారి పొడుగునా చెబుతూనే ఉండేవారు. అత్తయ్యగారు కూర కలుపుతుంటే గరిటె ఎటు తిప్పాలో చెప్పేవారు. "వంటింట్లో కూడా సరంగు ఉద్యోగమేనా అండి" అని ఆవిడ విసుక్కుంటే లేచి వెళ్లి అరుగు మీద కూర్చుని, కనబడని గోదావరి వైపు చూస్తూ ఉండిపోయేవారు. అలా నాలుగేళ్లు గడిచాయి. ఆ కూర్చోవడం చూస్తే నాకే బాధేసేది, ఇక కన్నకూతురు, మా ఆవిడ సంగతి చెప్పక్కర్లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, భీమవరం వైపు చెరువులున్న ఆసామి ఒకాయన జెట్ బోటు కొన్నారు. ఎక్కడో సముద్రం పక్కన హోటలు వాళ్లు వాడి అమ్మేసిన బోటది. బ్యారేజీకి ఎగువన, నీళ్లు నిలకడగా ఉండేచోట చిన్న రేవు కట్టి, జనాన్ని షికారు తిప్పాలని ఆయన సరదా. నది తెలిసిన మనిషి కోసం వాకబు చేస్తే మావయ్యగారి సంగతి తెలిసింది. కబురందిన మర్నాటి ఉదయమే మావయ్యగారు ఉతికిన చొక్కా తొడుక్కుని రేవులో ఉన్నారు. ఇంజను, కరెంటు పనులు చూడ్డానికి నన్ను కూడా పిలిచారు.

ఆ బోటు ఆరుగురు కూర్చునేంత ఉంటుంది, ఒళ్లంతా ఫైబర్. లాంచీకి ఉన్నట్టు బయట పంకా ఉండదు. పొట్ట కింద ఉన్న జాలీ గుండా నీళ్లు పీల్చుకుని వెనక గొట్టంలోంచి చిమ్ముతుంది, ఆ చిమ్మిన జోరుకి ముందుకు దూకుతుంది. మావయ్యగారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూశారు.

"అల్లుడుగారూ, చుక్కాని ఏదండి దీనికి?"

"లేదండి. గొట్టం ఎటు తిరిగితే బోటు అటు తిరుగుతుంది."

"అయితే ఇది బోటు కాదండి. పిచికారీ."

అలా అన్న మనిషే వారం తిరక్కుండా దాన్ని ప్రేమించేశారు. ఎక్కడ ఇసుక మేట వేసిందో, ఏ గాలికి గుర్రపుడెక్క ఏ ఒడ్డుకు కొట్టుకొస్తుందో ఆయనకు తెలుసు. డెక్క వేళ్లు జాలీకి చుట్టుకుని బోటు కదలక మొరాయిస్తే, ఇంజను ఆపి, నీళ్లలోకి దిగి, చెయ్యి పెట్టి లాగేసేవారు. పొద్దున్న మొదటిసారి స్టార్టు చేసేముందు ఇంజను మూత తెరిచి, పెట్రోలు వాసన వస్తోందేమో చూసి, ఆ గాలి పోయాకే తాళం తిప్పేవారు. ఆ అలవాటు నేను నేర్పింది కాదు. నిప్పుకీ నూనెకీ మధ్య ముప్పై ఏళ్లు బతికిన మనిషి. ఇంటికొచ్చాక అత్తయ్యగారి గరిటె జోలికి వెళ్లడం కూడా మానేశారు.

మొదటి ఏడాది బాగా గడిచింది. రెండో ఏడాది కార్తీకమాసం వస్తోందనగా, మావయ్యగారు బోటుని లాంచీ పద్ధతిలో సిద్ధం చేశారు. లాంచీలకు ఏటా ఒక వరస ఉండేది. ఒడ్డుకు లాగడం, గీకడం, ఇనుమన్నది ఎక్కడ కనిపించినా విప్పదీసి రంగెయ్యడం, మళ్లీ బిగించి పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దింపడం. ఆయన ఏ ఒక్కటీ వదల్లేదు. ఆ రోజు షాపులో పనుండి నేను వెళ్లలేకపోయాను. తర్వాత వెళ్లి చూస్తే ఇంజను కొత్త స్టీలు బిందెలా మెరిసిపోతోంది. రెండు పూతలు వెండి రంగు. బ్యాటరీ మొదలుకొని తాళం దాకా అన్నిటికీ పసుపు, దాని మీద కుంకుమ.

"ఎలా ఉందండి?" అన్నారు.

"పెళ్లిచూపులకు తీసుకెళ్తారా ఏంటండి" అన్నాను. ఆయన మురిసిపోయారు.

మూడు వారాలు బోటు బ్రహ్మాండంగా తిరిగింది. నాలుగో వారం ఒక బుధవారం నాడు రేవు నుంచి ఫోనొచ్చింది. తాళం తిప్పితే టక్ మని ఒక్క చప్పుడు, అంతే. సెల్ఫ్ తిరగదు, ఇంజను లేవదు. టికెట్లు తీసుకున్నవాళ్లు ఒడ్డున నిలబడి చూస్తున్నారు.

గురువారం పొద్దున్నే వెళ్లాను. అప్పట్లో నా దగ్గర కొత్తగా కొన్న డిజిటల్ మీటరు ఉండేది. దాన్ని డాక్టరుగారు స్టెతస్కోపు పట్టుకున్నట్టు పట్టుకుని బోటులోకి దిగాను. మూత తీయగానే నా కంట్లో పడ్డది పసుపు. బ్యాటరీ రెండు కొసల మీదా ముద్దలుగా ఆరిపోయి ఉంది. నాకు నవ్వాగలేదు.

"మావయ్యగారూ, దొరికింది దొంగ. బ్యాటరీకి నలుగు పెట్టి స్నానం చేయించడం మర్చిపోయారండి. కరెంటు పాపం పసుపులో జారి పడిపోతోంది."

ఒడ్డున ఉన్న టికెట్ల గుమస్తా కూడా నవ్వాడు. మావయ్యగారు నవ్వలేదు. "గంగమ్మ మీద తిరిగేదానికి పసుపు రాయకపోతే ఎలాగండి" అని మెల్లగా అన్నారు. నేను కొసలు విప్పి, బ్రష్షుతో తళతళా తోమి, గట్టిగా బిగించాను. "ఇప్పుడు తిప్పండి" అన్నాను, చేతులు తుడుచుకుంటూ.

టక్.

మళ్లీ తిప్పారు. టక్. డాష్‌బోర్డు లైటు కొంచెం మసకబారి మళ్లీ వెలిగింది. మీటరు పెడితే బ్యాటరీ నిక్షేపంలా ఉంది. ఇంజను నుంచి బ్యాటరీకి వచ్చే ఎర్త్ వైరు పట్టుకుని లాగాను. గట్టిగానే ఉంది. దాన్ని అంతటితో వదిలేశాను. గుమస్తా ఇంకా అక్కడే ఉన్నాడు, అదొకటి నాకు ఇబ్బంది. మావయ్యగారు పదోసారి తిప్పుతూ, ఎడమ చేత్తో పట్టుకున్న, ఇంజను జోరు పెంచే రేసు లివర్ కింద తడిమి చూశారు.

"అల్లుడుగారూ, ఈ లివర్ కేబుల్ వేడెక్కుతోందండి. ఒకసారి చెయ్యి పెట్టి చూడండి."

"ఎండండి మావయ్యగారూ. ఎండలో ఇనుము వేడెక్కదా?"

"ఎండ వేడి కాదండి. లోపల్నుంచి వస్తోంది."

"అది ఇంజనుకి పెట్రోలు పెంచే తీగండి. దానికీ సెల్ఫ్‌కీ సంబంధం లేదు. మీరు స్టీరింగ్ చూసుకోండి, ఇది నాకొదిలేయండి."

ఆయన లివర్ మీంచి చెయ్యి తీసేశారు. మాట తూలానని నాకు అప్పుడే తెలుసు. కానీ ఒప్పుకునే రకం కాదు నేను.

ఒక లారీ బ్యాటరీ అరువు తెచ్చి పెట్టి చూశాను. టక్. అయితే జబ్బు సెల్ఫ్ మోటారుదే అని తీర్మానించి, దాన్ని విప్పి షాపుకి పట్టుకొచ్చాను. బల్ల మీద పెట్టి కరెంటిస్తే చేతుల్లోంచి ఎగిరిపోయేంతగా తిరిగింది. బుద్ధున్నవాడైతే అక్కడే ఆగి ఆలోచించాలి. నేను మాత్రం లోపలి కార్బన్లు మార్చి, గ్రీజు పెట్టి, శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ తీసుకెళ్లి బిగించాను.

టక్.

అప్పటికి ఆసామిగారు కూడా వచ్చి ఒడ్డున నిలబడ్డారు. మంచి మనిషే, గట్టిగా ఒక్క మాట అనరు. అనకపోవడమే భయం. నన్ను పక్కకు పిలిచారు.

"చూడండి, కార్తీకంలో బోటు ఒడ్డున ఉంటే ఇక నాకెందుకండి? యానాం ఆయన ఒకరు ఎప్పట్నుంచో అడుగుతున్నారు, అమ్మమని. ఆదివారం వచ్చి చూస్తానన్నారు. ఈలోగా తిరిగితే సరే. లేకపోతే ఉన్నదున్నట్టు ఇచ్చేస్తానండి."

"మరి మా మావయ్యగారు?"

"వాళ్లకి డ్రైవరున్నాడటండి. ఏం చెయ్యను?"

మావయ్యగారు బోటులో కూర్చుని స్టీరింగ్ మీద చేతులు వేసుకుని ఉన్నారు. మా మాటలు వినబడ్డాయని ఆ చేతుల్ని చూస్తే తెలిసింది. ఆ రాత్రి ఇంట్లో నేను అన్నం సరిగా తినలేదు. మా ఆవిడ పళ్లెం తీస్తూ ఒక మాట అంది. "నాన్న మళ్లీ ఆ అరుగెక్కితే నేను చూడలేనండి." నేనూ చూడలేను. పైగా ఆయన్ని అరుగు ఎక్కించేది నా చేతగానితనమే అవుతుందన్న సిగ్గొకటి.

శనివారం పొద్దున్న నేను గడ్డం గీసుకుంటుంటే మా ఆవిడ నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది.

"ఏవండి, ఈ ప్లగ్గు కాలిపోతోందండి. ఎన్నిసార్లు చెప్పాను?"

"లూజుగా ఉంటే కాలక ఏం చేస్తుంది? కరెంటుకి దారి ఇరుకైతే అక్కడ వేడి..."

అక్కడ ఆగిపోయాను. సగం గడ్డం మీద సబ్బు అలాగే ఉంది. వేడెక్కిన చోట కరెంటు ఇరుక్కుని పోతోందని షాపుకొచ్చిన ప్రతివాడికీ ఉపన్యాసమిచ్చేవాణ్ణి. మావయ్యగారు లివర్ కేబుల్ వేడెక్కుతోందంటే మాత్రం ఎండ అన్నాను. సెల్ఫ్ తిరగాలంటే కరెంటు దాని దాకా వెళ్తే చాలదు, ఇంజను ఇనుములోంచి, ఎర్త్ వైరులోంచి మళ్లీ బ్యాటరీకి తిరిగి రావాలి. ఆ పెద్ద దారి మూసుకుపోతే, పాపం ఆ కరెంటు దొరికిన సందులోంచి దూరుతుంది. ఇంజనుకి తగిలించిన రేసు కేబుల్ ఇనుప తీగే, దాని రెండో కొస డాష్‌బోర్డు దగ్గర ఎర్త్‌కి తగులుతుంది. అంత సన్నని సందులోంచి వచ్చే కరెంటు టక్ మనిపించగలదు, తీగని వేడెక్కించగలదు. సెల్ఫ్‌ని తిప్పలేదు.

మిగిలిన సగం గడ్డం ఎలా గీసుకున్నానో గుర్తులేదు. రేవుకి వెళ్లేసరికి మావయ్యగారు అప్పటికే బోటులో ఉన్నారు. పని లేకపోయినా వచ్చి కూర్చున్నారు.

"మావయ్యగారూ, ఆ వేడి ఎక్కడ తగిలిందో నా చెయ్యి పట్టుకుని చూపించండి."

ఆయన నా ముఖంలోకి చూసి, తాళం నాలుగైదుసార్లు తిప్పి, నా వేళ్లు తీసుకెళ్లి కేబుల్ మీద పెట్టారు. కార్తీకపు చలిపొద్దులో ఆ తీగ వెచ్చగా ఉంది. ఇంజను మూత తెరిచి, ఆయన పద్ధతిలో వాసన పోయేదాకా ఆగాం. తర్వాత లారీలకు వాడే లావుపాటి వైరు ఒకటి తీసి, ఒక కొస సెల్ఫ్ ఒంటికి తగిలించి, రెండో కొస బ్యాటరీ మైనస్‌కి పట్టించాను.

"తిప్పండి."

ఇంజను ఒక్క ఊపున లేచింది. గట్టు మీద కొంగలు కూడా లేచాయి. మావయ్యగారు రెండు చేతులూ జోడించారు, దేవుడికో ఇంజనుకో నాకు తెలియలేదు. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆపేసి, ఎర్త్ వైరుని ఇంజనుకి బిగించిన బోల్టు విప్పాను. లాగితే గట్టిగా ఉందని నేను వదిలేసిన బోల్టే అది. వైరు కొస కింద ఇనుము కనిపించాలి. అక్కడ చక్కగా, అద్దంలా, రెండు పూతల వెండి రంగు ఉంది. రంగు మీదుగా కరెంటు పోదు. మూడు వారాలపాటు బోల్టు మరలే ఎలాగోలా ఆ పని నెట్టుకొచ్చాయి. ఏటి చెమ్మకి అవి తుప్పు పట్టాయి, దాంతో పని ఆగిపోయింది.

నేను తలెత్తి చూసేసరికి మావయ్యగారు ఆ రంగునే చూస్తున్నారు. గోటితో దాన్ని గీకారు. పొర లేచి వచ్చింది.

"నేనే విప్పి వేశానండి" అన్నారు. "బోల్టు కింద తుప్పు పడుతుందని. మా లాంచీకి ఇవన్నీ లేవండి. చేత్తో హ్యాండిలు తిప్పితే లేచేది. ఎంత రంగేస్తే అంత మంచిది."

ఆయన ముఖం అంత చిన్నబోవడం నేను ఎన్నడూ చూడలేదు. ఉప్పు కాగితంతో ఆ చోటు రుద్దడం మొదలుపెట్టాను. ఆయనే మళ్లీ అడిగారు.

"అయితే పసుపు వల్ల కాదన్నమాట."

"కాదండి. పసుపు తప్పేం లేదు."

"అదీ" అన్నారు. కొంచెం ప్రాణం లేచొచ్చినట్టుంది.

బోల్టు బిగిస్తూ ఆయనకు నచ్చజెప్పాను. ఆసామిగారికి రంగు సంగతి చెప్పొద్దు, ఎర్త్ లూజైందంటే సరిపోతుంది, అదేమీ పెద్ద అబద్ధం కాదు. నాలుగు రోజులు బేరం పోగొట్టినవాణ్ణి ఎవరు పనిలో ఉంచుకుంటారు? ఆయన పాత గుడ్డతో ఇంజను తుడుస్తూ ఉండిపోయారు.

ఆదివారం పొద్దున్న ఆసామిగారు, యానాం ఆయన కలిసి వచ్చారు. మావయ్యగారు తాళం తిప్పారు. మొదటి తిప్పుకే ఇంజను లేచింది. ఇద్దరినీ ఎక్కించుకుని గోదావరి మధ్య దాకా తీసుకెళ్లి, ఇసుక మేటల మధ్య ఒక మెలిక తిప్పి, అంచుకి నీటిచుక్క పడకుండా రేవులో పెట్టారు. నేను గట్టు మీద నిలబడి చూశాను. ఆ మనిషి అరుగు మీద కూర్చునే మనిషని ఎవరూ అనుకోరు.

దిగుతూ ఆసామిగారు నన్ను అడిగారు. "ఇంతకీ ఏంటండి జబ్బు?"

"ఎర్త్ లూజండి" అన్నాను చటుక్కున.

"లూజు కాదండి" అన్నారు మావయ్యగారు, స్టీరింగ్ దగ్గర్నుంచి. లేచి నిలబడ్డారు. "అల్లుడుగారు నా కోసం అలా అంటున్నారు. వైరు కింద రంగేసింది నేనండి. కరెంటు పోదని తెలియదు. మీ నాలుగు రోజులు నా వల్లే పోయాయి."

యానాం ఆయన ఆసామిగారి వైపు చూశారు. అప్పుడు నా నోరు దానంతటదే తెరుచుకుంది, కాకపోతే ఈసారి పనికొచ్చే మాటకి.

"ఆ తప్పు కనిపెట్టింది కూడా ఆయనేనండి. కేబుల్ వేడెక్కుతోందని గురువారమే చెప్పారు. ఎండ అని కొట్టిపారేశాను. అప్పుడే వినుంటే గురువారం మధ్యాహ్నానికే బోటు తిరిగేది. మిగిలిన రోజులు నావండి."

నలుగురు కూడిన చోట నా తప్పు నేను చెప్పుకోవడం అదే మొదటిసారి. చెవులు వేడెక్కాయి. ఆసామిగారు ఇంజను దగ్గరకెళ్లి, వంగి, ఆ వెండి రంగంతా తీరిగ్గా చూశారు.

"రంగు మటుకు బాగా కుదిరిందండి సరంగుగారూ" అన్నారు. "వచ్చే ఏడాది వేసేముందు మాత్రం అల్లుడుగారిని ఒక్క మాట అడగండి."

వచ్చే ఏడాది. యానాం ఆయనకి విషయం అర్థమైంది, నవ్వి, టీ తాగుదామంటూ గట్టెక్కారు. మావయ్యగారు స్టీరింగ్ దగ్గర మళ్లీ కూర్చున్నారు. కూర్చున్నాక కూడా చాలాసేపు దాన్ని వదల్లేదు.

మరుసటి ఏడాది ఆశ్వయుజం చివర్లో కబురొచ్చింది, ఒకసారి రమ్మని. షాపు మూసేసి మరీ వెళ్లాను. బోటు ఒడ్డున ఉంది. ఇంజనుకి కొత్త రంగు, మళ్లీ వెండి రంగే. ఎర్త్ వైరు విప్పి పక్కన పెట్టి ఉంది. అది బిగించే చోట రూపాయి బిళ్లంత మేర రంగు లేకుండా, ఇనుము గరుకుగా, శుభ్రంగా కనిపిస్తోంది. దాని చుట్టూ, ఒక్క పిసరు కూడా లోపలికి పోకుండా, సన్నగా పసుపు గీత గీశారు. గీతకి అవతల ఒక కుంకుమ బొట్టు ఉంది.

మావయ్యగారు పసుపు చేతులతో నిలబడి నా వైపు చూశారు.

"ఇలా ఉండొచ్చా అండి?"

నాకు రెండు మూడు మాటలు నోటిదాకా వచ్చాయి. అన్నీ మింగేసి, ఉండొచ్చండి అని చెప్పి, బోల్టు అందుకుని బిగించాను.